డోలకర్ణుడి చెవిన పడకూడని మాట

ధూమ్రగిరి శిఖరం మీద మాంత్రికుడు ధూమ్రకేశుడి కోటకు నాలుగు బురుజులు. తూర్పు బురుజు స్ఫటికం, దక్షిణపు బురుజు గోమేధికం, పడమటి బురుజు పగడం. ఉదయపు ఎండ మొదట స్ఫటికం మీద పడి, చీలి, ఏడు రంగులై కోట ముంగిట పరుచుకునేది. ఆ రంగుల్లో నెమళ్లు తిరుగుతుంటే ఏది నెమలి పురో ఏది ఎండో పోల్చుకోవడం కష్టం. ఉత్తరపు బురుజు మాత్రం వట్టి మట్టి. అక్కడికి వచ్చేసరికి రత్నాలు అయిపోయాయి. ఆ సంగతి ఎవరైనా ఎత్తితే ధూమ్రకేశుడు వాళ్లను కప్పల్ని చేసి కందకంలో వేసేవాడు. చూసిన ప్రతివాడికీ ముందు అదే నోటికి వచ్చేది కనక కందకంలో కప్పలకు కొదవ లేదు.

ఆ కోట వైపు ఆ ఉదయం ఆకాశంలో ఒక భూతం ఎగిరి వస్తోంది. దాని పేరు డోలకర్ణుడు. చెవులు డోళ్లంత ఉంటాయి, వాటితోనే ఎగురుతుంది. దాని మెడ మీద కాళ్లు చెరో పక్కకు వేసి కూర్చున్న పడుచువాడు కేదారుడు. ఏలాపురి రేవులో ఓడలకు దారి చూపే సరంగుల ఇంటి బిడ్డ.

ఆ ఇంట్లో ఇప్పుడు అసలు సరంగు కేదారుడి అక్క హేమవల్లి. ఏరు సముద్రంలో కలిసేచోట ఏలాపురికి కాపలాగా ఒక ఇసుక తిన్నె ఉంది. దాని మీద ఎన్ని ఓడలు పగిలాయో చెప్పలేం. ఆ తిన్నెను తప్పించి ఓడను లోపలికి తేగలిగింది తండ్రి తర్వాత హేమవల్లి ఒక్కతే. ధూమ్రకేశుడు తన యుద్ధనౌకలకు దారి చూపమని ఆమెను ఎత్తుకుపోయాడు. ఆమె చూపనంది. దాంతో శాపం పెట్టాడు. పాదాల దగ్గర మొదలై ఆమె ఒళ్లు రాయి అవుతూ వస్తుంది, సూర్యుడు అస్తమించేసరికి నిలువెల్లా శిల. మాంత్రికుడి గద్ద రేవు మీద చక్కర్లు కొడుతూ ఈ కబురంతా అరిచి పోయింది. పుట్టిన ఊరి ఏటినీళ్లు ఒంటికి తగిలితే శాపం విరుగుతుందన్న సంగతి మాత్రం గద్ద చెప్పలేదు. అది, ఊరూ ఏరూ చాలా దూరం వెనకబడ్డాక, దారిలో డోలకర్ణుడు చెప్పాడు.

భూతానికి కేదారుడి మీద అంత అభిమానం ఎందుకంటే, తెల్లవారుజామున కొండదారిలో రెండు బండల మధ్య చెవి ఇరుక్కుని లబలబలాడుతున్న దాన్ని చూసి, కేదారుడు తన దీపంలో నూనె ఒంపి, చెవికి పట్టించి, నేర్పుగా లాగి విడిపించాడు. భూతాల పద్ధతి ప్రకారం డోలకర్ణుడు అప్పటికప్పుడు అతని సేవలో చేరిపోయాడు.

కొబ్బరితోటల మీదుగా పోతూ డోలకర్ణుడు చేయి చాపి ఒక బొండం తెంపాడు. గోటితో చిల్లు పొడిచి వెనక్కి అందించాడు.

"థాంక్స్" అన్నాడు కేదారుడు.

"అబ్బాయీ, పొద్దుట్నించీ చూస్తున్నా. మెడ మీద ఎక్కించుకుంటే ఆ మాట అన్నావు. లోయ దాటిస్తే అన్నావు. నీ వీపు మీద దోమను కొడితే అన్నావు. ఏమిటది, తుమ్మా?"

"తుమ్ము కాదు. మా దొర తాత మాట" అన్నాడు కేదారుడు నవ్వుతూ. "నేను పాకే వయసులో మా తిన్నె మీద ఎక్కడిదో ఓడ పగిలితే, మా నాయన అందులోంచి ఒక తెల్లాయన్ని ఈడ్చుకొచ్చాడు. ఇంక ఆయన మా ఇంట్లోనే ఉండిపోయాడు. చచ్చేదాకా మన భాష ఆయనకు పట్టుబడలేదు, ఆయన భాష మాకు అబ్బలేదు. ఈ ఒక్క మాట మాత్రం ఇంటిల్లిపాదికీ అంటుకుంది."

"ఎప్పుడనాలి దాన్ని?"

"ఎప్పుడైనా అనొచ్చు. అమ్మ చారు పోస్తే థాంక్స్. ఇంక వద్దంటే విస్తరికి చెయ్యి అడ్డం పెట్టి నో థాంక్స్. అయినా అమ్మ పోసేసేది, అది వేరే సంగతి. ఒంట్లో ఎట్లా ఉంది తాతా అంటే, ముందు థాంక్స్, తర్వాతే నడుం నొప్పి. పని చెప్పేటప్పుడు, ఇంకా చేయకముందే, చేస్తావులే అన్నట్టు ఒక థాంక్స్. ఎవరైనా కాలు తొక్కితే పళ్లు బిగించి ఇంకో రకం థాంక్స్. మా అల్లరి ఎక్కువైతే తలుపు వైపు వేలు చూపించి థాంక్స్. అంటే ఇంక దయచేయండని."

"ఇన్నింటికీ ఒకటే మాటా? పొదుపరి జనమే. ఇంతకీ దాని అసలు అర్థం?"

"నువ్వు నాకు మేలు చేశావు, అది నేను గుర్తించాను. అంతే."

డోలకర్ణుడు గాలిలో ఉన్నపళంగా ఆగిపోయాడు. కొబ్బరినీళ్లు కేదారుడి చొక్కా మీద ఒలికాయి.

"మీ మనుషులు ఆ ముక్క నోటితో అనేస్తారా?" అన్నాడు భూతం. గొంతు మారిపోయింది.

"దొర తాత వాళ్లు అంటారు. మన రాజ్యాల్లో ఎవరంటారు? చేసిన మేలు కడుపులో పెట్టుకుంటాం. సొంతవాళ్లకు నోటితో చెబితే పరాయివాళ్లను చేసినట్టు ఉంటుంది కదా."

"అందుకే మా వాళ్లు మీ రాజ్యాల్లో చాకిరీ చేసి చేసి ముసలివాళ్లయిపోతున్నారు" అన్నాడు డోలకర్ణుడు. "విను అబ్బాయీ. మా భూతాలకు ఒక కట్టుబాటు ఉంది. ఎవరి సేవలో ఉన్నామో వాళ్లు, మేలు గుర్తించామని నోరు తెరిచి అంటే, ఆ క్షణంతో సేవ తీరిపోయినట్టు. చేతిలో ఏముంటే అది వదిలేసి మా కొండకు పోవాలి. మళ్లీ ఆ మనిషి ముఖం చూడకూడదు. ఏ భాషలో అన్నా చెల్లుతుంది, అర్థం మాకు తెలిస్తే చాలు. ఇందాకటిదాకా తుమ్మనుకున్నాను కనక సరిపోయింది. ఇప్పుడు అర్థం చెప్పేశావు."

కేదారుడు కిందికి చూశాడు. చాలా కిందుగా, మొనలు తేలిన నల్లరాళ్లు వరసగా ఉన్నాయి.

"మంచి పని చేశావు ముందే చెప్పి. థా..." అని నాలుక కరచుకున్నాడు.

డోలకర్ణుడి చెవులు రెండూ ఒక్కసారి రిక్కించుకుని, మెల్లగా దిగాయి. తర్వాత కేదారుడు మొలసంచిలోంచి ఒక పెద్ద వక్క తీసి బుగ్గన పెట్టుకున్నాడు. నోటికి పని ఉంటే మాట జారదని అతని ఉపాయం.

"ఇంకో సంగతి" అన్నాడు డోలకర్ణుడు. "ధూమ్రకేశుడి జుట్టు పొగలా పాకుతుంది. దాన్ని ఉరితాడుగా విసిరి భూతాల్ని పట్టుకుంటాడు. అయితే ఎవరి సేవలోనో ఉన్న భూతమే ఆ ఉరికి చిక్కుతుంది. సేవ తీరి స్వేచ్ఛగా తిరిగేదాన్ని అది అంటుకోలేదు. ఆ కోటలో ఉన్నవాళ్లంతా అట్లా పాత యజమానుల దగ్గర్నించి లాక్కొచ్చినవాళ్లే. నేను కూడా ఒకరి సేవలో ఉన్నానని వాడికి తెలియనివ్వకు."

కేదారుడు వక్క నములుతూ కోట వైపే చూశాడు. ఉపాయం అప్పుడే తట్టింది.

కొంతసేపటికి కోట వాకిట్లో ఒక తలంటువాడు ప్రత్యక్షమయ్యాడు. గుబురు మీసాలు, భుజాన తుండుగుడ్డ, ఒక చేతిలో కుంకుడుకాయల మూట, ఇంకో చంకలో రెండు పెద్ద చెవులున్న నూనెజాడీ. ద్వారం దగ్గర కావలి భూతం ఆవులించింది.

"దేవర జుట్టుకు చిక్కు తీయడానికా? పో లోపలికి. నీకు ముందు వచ్చినవాడు ఇంకా ఇక్కడే ఉన్నాడు" అని కందకం చూపించింది. ఒక కప్ప బెకబెకమంది.

సభామండపం పగడాల దీపాలతో, ముత్యాల తెరలతో, పట్టు పరుపులతో కళ్లు జిగేల్మనేలా ఉంది. నడుమ సింహాసనం మీద ధూమ్రకేశుడు. అతని పొగరంగు జుట్టు సింహాసనం దిగి, మెట్లు దిగి, స్తంభాలకు చుట్టుకుని, ఎక్కడికక్కడ ముడులు పడి ఉంది. చుట్టూ భూతాలు గంగాళాలతో నీళ్లు పట్టుకుని నిలబడ్డాయి. పక్కన కిటికీ దగ్గర హేమవల్లి ఉంది. మోకాళ్ల దాకా బూడిదరంగు రాయి.

కేదారుడు ఒక్క క్షణం వేషం సంగతి మరిచి అక్క కాళ్లనే చూశాడు. హేమవల్లి అతన్ని గుర్తుపట్టింది, పట్టనట్టే ఉంది.

"ఏమయ్యా తలంటువాడా, వచ్చిన పని చూడు. ఆ కుంకుడు రసం చిక్కగా పిసుకు. పలచగా చేస్తే అంత జుట్టుకు నురగ రాదు" అంది.

ధూమ్రకేశుడు మురిసిపోయాడు. "చూశారటరా, రాయి అవుతూ కూడా నా జుట్టు గురించే ఆలోచిస్తోంది. నువ్వు చెప్పినట్టే కానిస్తాడులే."

కేదారుడు నూనెజాడీని భూతాల కాళ్ల దగ్గర పెట్టాడు. కుంకుడుకాయలు కొట్టి, వేన్నీళ్లలో నానేసి, అక్క చెప్పినట్టు చిక్కగా పిసికాడు. నూనె పెట్టి, మాడు మర్దన చేసి, కణతలు నొక్కేసరికి మాంత్రికుడికి కునుకు పట్టింది. ఇంతలో నూనెజాడీ, తన చుట్టూ ఉన్న భూతాలతో, భూతాలకే వినబడే గొంతుతో గుసగుసలాడింది. ఏం చెప్పిందో కాని, గంగాళాలన్నీ ఒక్కసారి వణికి నీళ్లు తొణికాయి.

"దేవరవారు కళ్లు ఒక్కసారి తెరవాలి. చిక్కులు ఎట్లా ఉన్నాయో చూపిస్తాను" అన్నాడు కేదారుడు.

ధూమ్రకేశుడు కళ్లు పెద్దవి చేసి తెరిచాడు. దోసెడు కుంకుడు రసం నేరుగా వాటిల్లో పడింది.

ఆ కేకకు స్ఫటికపు బురుజు బీటలు వారింది. లోకాన్ని గడగడలాడించిన మాంత్రికుడు, తలంటి రోజు పసివాడిలా రెండు చేతులతో కళ్లు నులుముకుంటూ, "నీళ్లు, నీళ్లు, చచ్చాను, నీళ్లు పోయండి" అని సింహాసనం మీద గెంతాడు. కప్పను చేయాలంటే ఎదుటివాడు కనబడాలి. అతనికి ఏమీ కనబడటం లేదు. భూతాలు గబగబా గంగాళాలు ఎత్తి పోయడం మొదలుపెట్టాయి.

"తగ్గలేదురా, మండుతోంది!"

"తగ్గుతుంది దేవరా, మంత్రం చదివితేనే" అన్నాడు కేదారుడు. "మా ఇంట్లో పెద్దాయన నేర్పింది. నీళ్లు పోసేవాళ్ల వైపు తిరిగి గట్టిగా అనాలి."

కొత్త మంత్రమంటే ధూమ్రకేశుడికి ప్రాణం. ఆ మంటలో కూడా చెవులు నిక్కాయి. "చెప్పు, చెప్పు, తొందరగా చెప్పు."

"థాంక్స్."

"ఇంత చిన్నదా?" అని ధూమ్రకేశుడు నీళ్ల చప్పుడు వచ్చిన వైపు తిరిగి, పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ అనని మాటను కోట దద్దరిల్లేలా అరిచాడు. "థాంక్స్!"

భూతాలు చేతుల్లో ఉన్నవి ఉన్నట్టు వదిలేశాయి. ఒక గంగాళం మాంత్రికుడి నెత్తిన బోర్లా పడి మెడ దాకా దిగింది. ఒక భూతం నవ్వింది. ఒక ముసలి భూతం నిలబడి ఏడ్చింది. తర్వాత అన్నీ కిటికీల్లోంచి, ద్వారాల్లోంచి, పైకప్పులోంచి దారి చేసుకుని ఎగిరిపోయాయి. ఇన్నేళ్లూ మట్టి బురుజుకు వీపు ఆనించి నిలబెట్టిన భూతం కూడా వెళ్లిపోయింది. ఆ బురుజు కందకంలోకి కూలగానే కప్పలన్నీ గట్టెక్కి పొలాల వైపు గెంతాయి.

"పద అక్కా" అని కేదారుడు హేమవల్లిని ఎత్తబోయాడు. ఎత్తలేకపోయాడు. రాయి నడుం దాకా వచ్చింది. జాడీ ఇంతలో డోలకర్ణుడై ఇద్దర్నీ చెరో చేత్తో పొదివి పట్టుకుని, కూలిన బురుజు సందులోంచి ఆకాశంలోకి దూకాడు.

దారి పొడవునా అడవులు, అడవుల తర్వాత సెలయేళ్లు, సెలయేళ్ల తర్వాత అరటితోటలు వెనక్కి పరుగెత్తాయి. పొద్దు పడమటికి వాలుతోంది. హేమవల్లి జుట్టు గాలికి ఎగురుతుంటే డోలకర్ణుడు ఒక చెవి మడిచి ఆమెకు అడ్డం పెట్టాడు.

"ముందు ఆ మీసాలు తీసెయ్ రా, చూడలేక చస్తున్నాను" అంది హేమవల్లి తమ్ముడితో. తర్వాత భూతం వైపు చూసి, "నువ్వెవరివో కాని నాయనా, చాలా థా..."

కేదారుడు ఆమె నోరు గట్టిగా మూశాడు. ఆమె అతని చెయ్యి కొరికింది. ఒకే ఇంట్లో, ఒకే దొర తాత దగ్గర పెరిగినవాళ్లు మరి. చెయ్యి తీయకుండానే అతను సంగతంతా చెప్పాడు. విని ఆమె తల ఊపాక కాని వదల్లేదు. మొలసంచిలోంచి ఆమెకు కూడా ఒక వక్క ఇచ్చాడు.

కొంతదూరం పోయాక డోలకర్ణుడు అన్నాడు, "అబ్బాయీ, ఆ ముసలి భూతం ఏడ్చింది చూశావా? మా కొండవాడే. వాడి ఇల్లు మా ఇంటికి ఎదురుగా ఉంటుంది. నా చిన్నతనంలో పోయినవాడు ఇవాళ ఇంటికి పోతున్నాడు."

తనను వదిలేయమని మాత్రం అడగలేదు. కేదారుడికి సిగ్గేసింది. మాంత్రికుడు భూతాల్ని జుట్టుతో కట్టి పెట్టుకుంటే, తను ఈ మంచి భూతాన్ని ఒక వక్కముక్కతో కట్టి పెట్టుకున్నాడు.

"ఏట్లో దిగీ దిగగానే నా నోట వచ్చే మొదటి మాట అదే" అన్నాడు.

"తెలుసులే" అన్నాడు డోలకర్ణుడు.

సముద్రం కనబడింది. దారి దగ్గరని డోలకర్ణుడు తీరం వంపును కోసుకుని, నీళ్ల మీదుగా రేవు వైపు తిరిగాడు. దూరాన తిన్నె మీద విరుగుతున్న అలల తెల్లటి గీత, గీతకు అవతల ఏటి నీళ్ల పచ్చదనం, ఇవతల సముద్రపు నీలం. సూర్యుడు తాటితోపు మీదికి దిగాడు. హేమవల్లికి రాయి రొమ్ము దాటింది. ఊపిరి కష్టంగా తీస్తోంది.

అప్పుడే వెనక ఆకాశం మసకబారింది. నల్లటి పొగ సుడులు తిరుగుతూ వస్తోంది. దాని నడుమ, ఎర్రబడిన కళ్లతో, మెడలో ఇంకా గంగాళపు అంచుతో ధూమ్రకేశుడు. చిక్కులు విడిన జుట్టు ఇప్పుడు ఇంతకుముందుకన్నా పొడుగ్గా ఉంది. తలంటి బాగా కుదిరింది. ఒక పాయ గాలిలో పాములా సాగి వచ్చి డోలకర్ణుడి కాలికి చుట్టుకుంది.

భూతం ఒక్క కుదుపుతో ఆగాడు. రెండో పాయ మెడ వైపు వస్తోంది.

"అబ్బాయీ, నా కాళ్లు నా మాట వినడం లేదు" అన్నాడు. మాట ముద్దగా వస్తోంది. "మెడకు కూడా బిగిసిందంటే నేను వాడి భూతాన్నే. నా చేతులతోనే మిమ్మల్ని వెనక్కి పట్టుకుపోతాను. ఏదైనా చెయ్యి."

ఏం చేయాలో చెప్పలేదు. చెప్పక్కర్లేదు. కింద సముద్రం ఉంది. అక్క సగానికి పైగా రాయి, నీళ్లలో పడితే తేలేది కాదు. తిన్నెకు సముద్రం వైపు పడితే ఉప్పునీళ్లు, శాపం విరగదు, మునగడమే. ఊరి వైపు పడితే ఏరు. తిన్నె ఇంకా ముందుంది. కేదారుడు అక్క ముఖం చూశాడు.

"డోలకర్ణుడు ఇంటికి పోవాలి రా" అంది హేమవల్లి.

కేదారుడు వక్క ఉమ్మేశాడు. అది కిందికి పోయింది, నీళ్లలో పడ్డ చప్పుడు ఎంతకూ రాలేదు. చారుకూ, దోమకూ, కొబ్బరినీళ్లకూ అనీ అనీ అరిగిపోయిన ఆ మాటను ఈసారి భూతం ముఖంలోకి చూస్తూ నిదానంగా అన్నాడు.

"థాంక్స్, డోలకర్ణా."

రెండో పాయ వచ్చి భూతం మెడ మీద పడి, పట్టు దొరక్క జారింది. కాలి ముడి దానంతటదే విడిపోయింది. బలంగా లాగుతున్న ధూమ్రకేశుడు ఆ ఊపులోనే వెనక్కి పల్టీలు కొడుతూ పొగలో కలిసిపోయాడు. డోలకర్ణుడు చేతులు విప్పాడు. చేతిలో ఉన్నది వదిలేయమన్నారు కాని, ఎటువైపు వదలాలో కట్టుబాటులో లేదు. వెళ్తూ వెళ్తూ తన రెండు చెవుల్నీ ఒక్కసారి, ఉన్న బలమంతా పెట్టి విసిరాడు. ఆ గాలికి అక్కాతమ్ముళ్లిద్దరూ తిన్నె వైపు ఏటవాలుగా కొట్టుకుపోయారు.

అలల తెల్లటి గీత వేగంగా దగ్గరికి వస్తోంది. సూర్యుడి అంచు తాటిమట్టల వెనక సన్నగా మెరుస్తోంది. రాయి హేమవల్లి గొంతుకు తగిలింది.

"అక్కా, ఏ పక్కన పడతాం?" అని అరిచాడు కేదారుడు, ఆమె రాతి నడుమును రెండు చేతులా కరచుకుని.

హేమవల్లి కింది నీళ్లను చూసింది. రేవులోకి ఓడను తెచ్చేటప్పుడు ఎట్లా చూస్తుందో అట్లాగే, కళ్లు చిట్లించి, తొందర లేకుండా చూసింది.

"ఇంకా తెలీదు. గట్టిగా ఊపిరి బిగబట్టు తమ్ముడూ. ఏ పక్కనైనా లోతు నాకు తెలుసు" అంది.